వాచీ చూపే క్యాలరీలు: అసలు లెక్క ఎంత, కాకిలెక్క ఎంత?

మీ ప్రశ్న సారాంశం ఇది. వయసు 34, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. రోజూ గంట నడక, వారానికి మూడు రోజులు జిమ్‌లో బరువులు, సెలవు రోజున సైకిలు. నాలుగైదు కిలోలు తగ్గాలి. ఖర్చయిన క్యాలరీలను కచ్చితంగా చూపించే వాచీ ఏదో చెప్పమన్నారు. దానికి తోడు ఒక చిక్కుముడి కూడా పెట్టారు. మీరూ మీ వారూ పక్కపక్కనే గంటసేపు, ఐదు కిలోమీటర్లు నడిచి వస్తే 85 కిలోల బరువున్న ఆయన వాచీ 290 క్యాలరీలు చూపింది, మీరు అరువు తెచ్చుకున్న బ్యాండు 160 చూపింది. రెండింట్లో అబద్ధమాడుతున్నది ఏది అని అడిగారు.

సూటిగా చెబుతాను. కచ్చితంగా చూపించే వాచీ లేదు. ఖరీదైనదీ చూపించదు, చవకదీ చూపించదు. అలాగని కొనవద్దని అనను. కొనండి, కానీ క్యాలరీల అంకె చూసి మాత్రం కొనకండి. మీరు చేసే వ్యాయామాల్లో గుండె వేగాన్ని సరిగ్గా పట్టుకునేదాన్ని, పగలూ రాత్రీ ఒంటి మీద ఉంచుకోగలిగినదాన్ని, వ్యాయామం వల్ల అయిన ఖర్చునూ రోజు మొత్తం ఖర్చునూ విడివిడిగా చూపించేదాన్ని ఎంచుకోండి. క్యాలరీల లెక్కను తర్వాత మీరే సరిచేసుకోవచ్చు. అది ఎలాగో చివర్లో అంకెలు వేసి చూపిస్తాను.

ముందు ఆ 290, 160ల సంగతి తేల్చేద్దాం. నా అంచనా ప్రకారం రెండూ నిజమే చెప్పి ఉండవచ్చు. చదునైన నేల మీద మామూలు వేగంతో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు కాక అదనంగా అయ్యేది కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు అర క్యాలరీ. మీ 64 కిలోలకు, ఐదు కిలోమీటర్లకు అది 160. మీ వారి 85 కిలోలకు సుమారు 212. ఆ గంటసేపు ఆయన సోఫాలో కూర్చుని ఉన్నా ఒంట్లో ఓ 75 క్యాలరీలు ఖర్చయ్యేవే. అవి కూడా కలిపితే 287. అంటే మీ బ్యాండు నడక వల్ల పెరిగిన ఖర్చును మాత్రమే చూపింది, ఆయన వాచీ కూర్చున్నా తప్పని ఖర్చును అందులో కలిపేసింది. పైగా ఆయన మీకన్నా 21 కిలోలు ఎక్కువ మోసుకుంటూ అదే దూరం నడిచారు.

ఈ తేడా కంపెనీని బట్టి మారుతుంది. ఆపిల్ వాచీ తెర మీద రోజూ నింపాల్సిన కదలికల వలయాన్ని నింపేది అదనపు ఖర్చు మాత్రమే. ఫిట్‌బిట్‌లో కనిపించే రోజువారీ అంకెలో విశ్రాంతి ఖర్చు కూడా కలిసి ఉంటుంది. అందుకే పొద్దున్నే కళ్లు తెరిచేసరికి అందులో కొన్ని వందలు పడి ఉంటాయి. గార్మిన్ యాప్‌లో రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. ‘నా వాచీ ఎక్కువ చూపుతోంది, నీది తక్కువ చూపుతోంది’ అన్న వాదాల్లో చాలామటుకు ఇక్కడే తేలిపోతాయి. ఏ అంకె దేనిదో తెలియకుండా రెండు పరికరాలను పోల్చడం అంటే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే.

ఇప్పుడు అసలు విషయం. నేను పనిచేసేది వ్యాయామానికి సంబంధించిన ప్రయోగశాలలో. క్యాలరీల ఖర్చును కొలవాలంటే మేం చేసేది ఇది. మనిషి ముక్కూ నోరూ కప్పేలా రబ్బరు మాస్కు తొడుగుతాం. మాస్కు ముందున్న రంధ్రాన్ని అరచేత్తో మూసి, గట్టిగా ఊదమంటాం. చెంపల దగ్గర గానీ ముక్కు దూలం దగ్గర గానీ గాలి జారిందంటే పట్టీలు మళ్లీ బిగించాల్సిందే. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ ఎక్కిస్తాం. బయటి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం. మనిషి వదిలిన గాలిలో అది 16, 17 శాతానికి పడిపోతుంది. ఆ తేడాను, ఊపిరి పరిమాణాన్ని, బయటికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి లెక్క కడతాం. ఒంట్లో ఒక లీటరు ఆక్సిజన్ వాడుకున్నారంటే దాదాపు ఐదు క్యాలరీలు ఖర్చయినట్టు. దీనికి ఈనాటికీ వాడే సమీకరణాన్ని వీర్ అనే శాస్త్రవేత్త 1949లో ఇచ్చాడు. వారం, రెండు వారాల ఖర్చు తేల్చాలంటే వేరే పద్ధతి ఉంది. బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ కలిసిన నీళ్లు తాగించి, అవి మూత్రంలో ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తారు. 1950లలో ఎలుకలతో మొదలైన ఈ పద్ధతి 1982లో మనుషుల దాకా వచ్చింది.

మీ చేతికి ఉండే వాచీలో వీటిలో ఒక్కటీ లేదు. దానికి మీరు పీల్చిన ఆక్సిజన్ తెలియదు, మీ ఒంట్లో పుట్టిన వేడి తెలియదు. క్యాలరీల లెక్కకు పనికొచ్చేవి దానికి ముఖ్యంగా తెలిసినవి మూడే. లోపలున్న చిన్న సెన్సర్ వల్ల చెయ్యి ఎలా కదులుతోందో తెలుస్తుంది. అడుగున మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ కాంతి వల్ల చర్మం కింద రక్తం ఎన్నిసార్లు పొంగిందో తెలుస్తుంది. ఇక మీరే యాప్‌లో నింపిన వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్న వివరం. ఈ మూడింటినీ కంపెనీ తన దగ్గరున్న సూత్రంలో వేసి ఒక అంకె తీస్తుంది. ఆ సూత్రం ఎలాంటిదో చాలా కంపెనీలు బయటపెట్టవు. కాబట్టి తెర మీద 287 అని ఒకట్ల స్థానం దాకా కనిపించినా అది కొలత అనుకోకండి, అంచనాయే. నాకు చిరాకు తెప్పించేది కూడా ఆ చివరి 7 ఒక్కటే. ‘సుమారు 300’ అని రాసి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

రోజు మొత్తం ఖర్చులో సింహభాగం, చాలామందిలో 60 నుంచి 70 శాతం, ఏ పనీ చేయకపోయినా గుండె, మెదడు, కాలేయం వంటివి నడవడానికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో పది శాతం దాకా. మిగిలినది కదలికలది. ఆ మొదటి భాగానికి వాచీ అక్కరలేదు, కాగితం చాలు. మిఫ్లిన్, సెయింట్ జోర్ బృందం 1990లో ఇచ్చిన సూత్రంలో మీ వివరాలు వేస్తే: బరువును పదితో హెచ్చిస్తే 640, ఎత్తును 6.25తో హెచ్చిస్తే 1050, అందులోంచి వయసుకు ఐదు రెట్లు 170, ఆడవారికి 161 తీసేయాలి. మిగిలింది 1359. చాలామందిలో ఇది అసలు అంకెకు పది శాతం అటూ ఇటూగా ఉంటుంది, కొందరిలో అంతకన్నా ఎక్కువే తప్పుతుంది.

ఇక్కడే ఒక కనికట్టు ఉంది. ‘మా వాచీ రోజువారీ లెక్క 90 శాతం సరైనది’ అని ఎవరైనా అంటే ఆశ్చర్యపోకండి. మొత్తంలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ సూత్రం నుంచే వస్తుంది కాబట్టి, వాచీని బల్ల మీద వదిలేసినా లెక్కలో అంత భాగం దానంతటదే వచ్చేస్తుంది. మీరు డబ్బు పెట్టి తెలుసుకోవాలనుకుంటున్నది మిగతా భాగం. తప్పులన్నీ పోగుపడేది కూడా అందులోనే.

ఎంత తప్పు? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఏడు పరికరాలను 60 మందికి కట్టి, నడిపించి, పరుగెత్తించి, సైకిలు తొక్కించి చూశారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు పరికరాలు ఐదు శాతం లోపు తేడాతో సరిగ్గానే చెప్పాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. ఆ మోడళ్లు ఇప్పుడు పాతబడ్డాయి, సెన్సర్లు బాగుపడ్డాయి. కానీ గుండె వేగం నుంచి క్యాలరీలకు దూకే దగ్గర ఉన్న చిక్కు సెన్సర్ మార్చినంత మాత్రాన పోయేది కాదు.

ఆ చిక్కు ఏమిటంటే, ఆగకుండా ఒకే తీరున నడుస్తున్నప్పుడో పరుగెత్తుతున్నప్పుడో గుండె వేగంతో పాటు ఆక్సిజన్ వాడకం కూడా దాదాపు సరళరేఖలా పెరుగుతుంది. కానీ ఆ రేఖ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటున్న ఇద్దరి గుండెల్లో, సాధన ఉన్న మనిషి గుండె ఒక్కో కొట్టుడుకు ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకే అదే 130 దగ్గర ఆ మనిషి చాలా ఎక్కువ పని చేస్తూ ఉంటాడు. వాచీకి ఇద్దరూ ఒకటే. ఎండ వేడి, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, గట్టి కాఫీ, ఆఫీసులో ఒక చెడ్డ ఫోన్ కాల్ కూడా గుండె వేగాన్ని పెంచుతాయి, కానీ వాటితో క్యాలరీలు ఆ మేరకు ఖర్చు కావు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఎంత కష్టపడినా గుండె వేగం పెద్దగా పెరగదు, వాచీ ఖర్చును తక్కువ చేసి చూపుతుంది.

ఇక మీ వ్యాయామాల దగ్గరికి వద్దాం. వాచీ లెక్క అన్నిటికన్నా ఘోరంగా తప్పేది బరువుల దగ్గర. బార్‌ను బిగించి పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేపినప్పుడు గుండె వేగం జివ్వున పెరుగుతుంది. సెట్టు అయిపోయి మీరు బెంచీ మీద కూర్చున్నాక కూడా కాసేపు దిగదు. వాచీ ఆ కాసేపంతా మీరు జాగింగ్ చేస్తున్నట్టు లెక్కేసుకోవచ్చు. ఇంకోవైపు, మణికట్టు వంగి పిడికిలి బిగుసుకున్నప్పుడు చర్మం కింద రక్తప్రవాహం మారిపోయి, స్నాయువులు కదిలి, ఆకుపచ్చ కాంతికి దారి తప్పుతుంది. అప్పుడు గుండె వేగమే తప్పు పడుతుంది. అంటే ఒకే గంటలో ఎక్కువా చూపవచ్చు, తక్కువా చూపవచ్చు. వ్యాయామాల ఖర్చు పట్టికలు తయారుచేసే ఐన్స్‌వర్త్ బృందం 2011లో సవరించిన పట్టికలో, ఒక్కో సెట్టులో 8 నుంచి 15 సార్లు లేపుతూ రకరకాల వ్యాయామాలు చేసే మామూలు బరువుల సాధనకు విశ్రాంతి ఖర్చుకు మూడున్నర రెట్లు అని ఉంది. మీ బరువుకు అది గంటకు, విశ్రాంతి ఖర్చుతో కలిపి, 220 ప్రాంతం. జిమ్ నుంచి వచ్చాక మీ వాచీ 450 చూపితే సంతోషించకండి. బరువులెత్తే రోజుల్లో క్యాలరీల వైపు చూడటమే మానేయండి. ఏ బరువు ఎన్నిసార్లు ఎత్తారో ఒక పుస్తకంలో రాసుకుంటే దానివల్ల వచ్చే మేలు వంద రెట్లు ఎక్కువ.

నడకలో దాదాపు ఏ పరికరమైనా పనికొస్తుంది, చేతులు ఊగుతున్నంత వరకు. బిడ్డ బండిని తోస్తూ నడిచినా, సరుకుల బండి పట్టుకుని నడిచినా, ట్రెడ్‌మిల్ మీద ముందున్న కడ్డీని పట్టుకున్నా మణికట్టు కదలదు, అడుగులు తక్కువ పడతాయి. ట్రెడ్‌మిల్‌ను ఎత్తుగా పెట్టి నడిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది, కానీ ఆ వాలు సంగతి వాచీలోని కదలికల సెన్సర్‌కు తెలియదు. గుండె వేగం చూసి కొంత పసిగడుతుందంతే. ఇక ఎత్తుగా పెట్టి కడ్డీకి వేలాడుతూ నడిచేవాళ్ల విషయంలో వాచీ చూపేదీ తప్పే, ట్రెడ్‌మిల్ తెర చూపేదీ తప్పే.

సైకిలు మీద మణికట్టు హ్యాండిల్‌కు ఆనుకుని, వంగి, గతుకులకు అదురుతూ ఉంటుంది. మణికట్టు వాచీకి ఇది కూడా కష్టకాలమే. విచిత్రం ఏమిటంటే, ఇంట్లో వాడుకునే పరికరాల్లో క్యాలరీలను నమ్మదగినంత దగ్గరగా చెప్పగలిగేది కూడా సైకిలు దగ్గరే ఉంది. పెడల్‌కో, పెడల్‌ను ఇరుసుకు కలిపే క్రాంక్‌కో అమర్చే పవర్ మీటర్ మీ కాళ్లు నిజంగా చేసిన పనిని కిలోజౌళ్లలో కొలుస్తుంది. మన కండరాలు తిన్న శక్తిలో 20 నుంచి 25 శాతాన్నే పెడల్‌కు చేరవేస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. మరోపక్క ఒక కిలోక్యాలరీ, అంటే మనం మామూలుగా క్యాలరీ అనేది, 4.184 కిలోజౌళ్లతో సమానం. ఒకటి నాలుగు రెట్లు పెంచుతుంది, ఇంకొకటి నాలుగు రెట్లు తగ్గిస్తుంది. రెండూ కొట్టుకుపోయి, 500 కిలోజౌళ్ల పని చేశారంటే దాదాపు 500 క్యాలరీలు ఖర్చయినట్టు లెక్క. ప్రకృతి ఇంత సులువైన లెక్కను మన చేతిలో పెట్టడం చాలా అరుదు. అయితే వారానికి ఒక్కరోజు తొక్కే మీకు పవర్ మీటర్ దండగ ఖర్చు. జిమ్‌లో వాట్లు చూపించే సైకిలు ఉంటే దానిని వాడుకోండి. సగటున 100 వాట్లతో గంట తొక్కితే 360 కిలోజౌళ్లు.

పరికరం రూపం గురించి. గుండె వేగానికి ఇంటిదగ్గర దొరికే ఉత్తమ సాధనం ఇప్పటికీ ఛాతీకి కట్టుకునే పట్టీయే. అది కాంతితో ఊహించదు, గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌లోని కెంపెలెలో 1977లో మొదలైన పోలార్ కంపెనీ 1982లోనే తీగల్లేని పట్టీని మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి సూత్రం మారలేదు. కట్టుకునే ముందు లోపలి వైపున్న ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపాలి, లేకపోతే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు చూపిస్తుంది. దాన్ని రోజంతా ఎవరూ కట్టుకోలేరు, అదే దాని లోపం. ఛాతీ పట్టీ ఇబ్బంది అనుకునేవారికి మోచేతికి పైనో కిందో కండ మీద కట్టుకునే కాంతి సెన్సర్లు ఉన్నాయి. బరువులకు, సైకిలుకు మణికట్టు వాచీ కన్నా అవి చాలా నయం. మణికట్టు వంగినా ఆ చోట చర్మం కదలదు కదా.

వేలికి పెట్టుకునే సెన్సర్ ఉంగరాలు నిద్రకు, విశ్రాంతిలో గుండె వేగానికి బాగుంటాయి. వ్యాయామానికి మాత్రం నేను సిఫారసు చేయను. ముఖ్యంగా బరువుల బార్ పట్టుకునేవారికి లోహపు ఉంగరం వేలిని నొక్కుతుంది, బార్ ఉంగరాన్ని గీకుతుంది. వాచీకీ సన్నటి బ్యాండుకూ మధ్య, క్యాలరీల మట్టుకు, చెప్పుకోదగ్గ తేడా లేదు. వాచీలో దూరాన్ని కొలిచే జీపీఎస్ ఉంటే నడకకు, పరుగుకు పనికొస్తుంది. దూరం, బరువు తెలిస్తే పైన వేసినట్టు చేత్తోనే లెక్క వేసుకోవచ్చు. ఆ చేతి లెక్క వాచీ లెక్కకు ఏమాత్రం తీసిపోదు.

వాచీని మణికట్టు ఎముక మీద గాజులా వేలాడనివ్వకండి. ఎముకకు ఒకటి రెండు వేళ్ల పైకి జరిపి, చర్మానికి అంటుకునేంత బిగువుగా కట్టుకోవాలి. చీకటి గదిలో చేయి ఊపి చూడండి. వాచీ అంచు కింద నుంచి ఆకుపచ్చ వెలుగు బయటికి కారుతుంటే అది వదులుగా ఉన్నట్టే. పచ్చబొట్టు మీద కట్టుకుంటే ముదురు సిరా ఆ కాంతిని మింగేస్తుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నా ఆకుపచ్చ కాంతి ఎక్కువగా లోపలే ఇంకిపోతుంది. ఇందాక చెప్పిన 2017 పరిశోధనలో ముదురు చర్మం ఉన్నవారిలో తప్పులు ఎక్కువగా వచ్చాయి. కాబట్టి ఎవరో లేతరంగు చర్మం ఉన్న సమీక్షకుడు ‘భేష్’ అన్నాడని కొనకండి, మీ చేతి మీదే పరీక్షించుకోండి.

అందుకే నా దృష్టిలో పరికరం కన్నా దాన్ని వెనక్కి ఇచ్చే గడువు ముఖ్యం. ఆ గడువు ఉన్న చోటే కొనండి. మొదటి రోజు పది నిమిషాలు కదలకుండా కూర్చుని, మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 30 సెకన్ల పాటు నాడి లెక్కపెట్టి రెట్టింపు చేయండి. వాచీ అంకెతో రెండు మూడు తేడా ఉంటే ఫరవాలేదు. తర్వాత గబగబా మూడు నాలుగు అంతస్తులు మెట్లెక్కి, పైకి చేరగానే మళ్లీ నాడి చూడండి. మంచి సెన్సర్ కొన్ని సెకన్ల ఆలస్యంతో మిమ్మల్ని అందుకుంటుంది. నాసిరకంది మీరు ఆయాసపడుతూ నిలబడి ఉంటే ఇంకా 85 దగ్గరే కూర్చుంటుంది. పరుగు అలవాటు ఉంటే ఇంకో సంగతి గమనించండి. గుండె వేగం హఠాత్తుగా 165, 170కి ఎగబాకి అక్కడే అతుక్కుపోయిందంటే, అది గుండెను వదిలేసి మీ అడుగులను లెక్కపెడుతూ ఉండవచ్చు. నిమిషానికి అడుగులు కూడా దాదాపు అంతే పడతాయి. చివరిగా జిమ్‌కు తీసుకెళ్లండి. ఈ పరీక్షల్లో తప్పితే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

కొనేముందు అడగాల్సినవి ఇంకొన్ని: ఛాతీ పట్టీని బ్లూటూత్‌తో దానికి కలపవచ్చా, నెలనెలా చందా కట్టకపోతే మీ వివరాలే మీకు కనిపించకుండా పోతాయా, మీ ఫోనుతో పనిచేస్తుందా, చార్జింగ్ ఎన్ని రోజులు వస్తుంది. రోజూ చార్జి చేయాల్సినదైతే రోజులో ఏదో ఒక వేళ అది చేతికి ఉండదు, ఆ ఖాళీని యాప్ ఊహతో నింపుతుంది. రక్తంలో ఆక్సిజన్, ఒత్తిడి స్కోరు, చర్మం ఉష్ణోగ్రత లాంటివి క్యాలరీల లెక్కను చెప్పుకోదగినంతగా మెరుగుపరచవు. వాటికోసం అదనంగా పెట్టకండి.

బరువు తగ్గడం గురించి ఒక్క మాట కటువుగా చెబుతాను. వాచీ 300 చూపింది కాబట్టి 300 క్యాలరీలు అదనంగా తినవచ్చు అనుకుంటే మీరు బరువు తగ్గరు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 471 మందితో రెండేళ్ల పాటు చేసిన పరిశోధన 2016లో వెలువడింది. అందరికీ ఆహారం, వ్యాయామం గురించి సలహాలిచ్చారు. ఆరు నెలల తర్వాత సగం మందికి భుజానికి కట్టుకునే పరికరం ఇచ్చారు. రెండేళ్లకు పరికరం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గితే, ఉన్నవారు 3.5 కిలోలే తగ్గారు. ఎందుకో ఆ పరిశోధన తేల్చలేదు. పరికరం దానంతటదే బరువు తగ్గించదని మాత్రం తేలింది.

ఇంకో కారణం ఒంట్లోనే ఉంది. టాంజానియాలో వేట మీద, అడవి దుంపల మీద బతికే హాడ్జా ప్రజల రోజువారీ ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం ఇందాక చెప్పిన నీళ్ల పద్ధతితో కొలిచి 2012లో ప్రకటించింది. రోజూ మైళ్ల కొద్దీ తిరిగే వాళ్ల ఖర్చు, శరీర పరిమాణాన్ని పరిగణనలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చుని పనిచేసే అమెరికన్ల ఖర్చుకు దాదాపు సమానంగా వచ్చింది. కదలిక పెరిగినప్పుడు శరీరం మరెక్కడో పొదుపు చేస్తుందని పాంట్జర్ వాదన. అది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై చర్చ ఇంకా నడుస్తోంది. కానీ జిమ్‌కు వెళ్లిన రోజు సాయంత్రం మీరు తెలియకుండానే సోఫాకు అతుక్కుపోతే, ఆ పొదుపు వాచీలోని ‘వ్యాయామం’ పేజీలో ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు సరిచేసుకునే పద్ధతి. గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడుస్తుందని తెలిసినవాళ్లు దాన్ని చూసే బస్సు అందుకుంటారు. వాచీతోనూ అంతే, ఎంత తప్పుతోందో కనిపెట్టాలి. నాలుగు వారాల పాటు రోజూ పొద్దున్నే ఒకే వేళకు బరువు చూసుకుని రాయండి. తిన్నది రాయండి. వాచీ చూపే రోజువారీ మొత్తం ఖర్చు రాయండి. ఉదాహరణకు 28 రోజుల్లో మీరు సగటున 1700 క్యాలరీలు తిన్నారనుకుందాం. బరువు 0.8 కిలో తగ్గింది. ఒంటి కొవ్వు కిలోకు సుమారు 7700 క్యాలరీల చొప్పున అది 6160. రోజుకు 220. అంటే మీ అసలు ఖర్చు రోజుకు దాదాపు 1920. అదే కాలంలో వాచీ సగటు 2200 చూపితే, అది మీ విషయంలో ఎక్కువ చూపుతోందన్నమాట. 1920ని 2200తో భాగిస్తే 0.87. ఇకపై వాచీ చూపే రోజువారీ మొత్తాన్ని 0.87తో హెచ్చించండి. తిన్నది రాసేటప్పుడు అందరూ కొంత తగ్గించే రాస్తారు. ఎప్పుడూ ఒకే రకంగా తగ్గించి రాస్తే ఆ తప్పు కూడా ఈ 0.87లోనే సర్దుకుంటుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

నాలుగు వారాలు అనడానికి కారణం ఉంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి, కొవ్వు తగ్గుతున్నా బరువు పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకని ఒక నెలసరి తర్వాతి వారం సగటును, వచ్చే నెల అదే వారం సగటుతో పోల్చండి. తిండి తగ్గించిన మొదటి వారంలో దిగే బరువులో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో దాచుకున్న పిండి పదార్థం ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖాళీ కాగానే ఆ నీరూ పోతుంది. ఆ వారాన్ని లెక్కలోకి తీసుకోకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, థైరాయిడ్, మధుమేహం వంటివి ఉన్నవారు ఈ లెక్కలతో తిండి తగ్గించుకోకుండా ముందు డాక్టరును అడగాలి.

మీ మట్టుకు నేను చెప్పేది, మెట్ల పరీక్షలో నెగ్గిన మధ్యరకం వాచీ లేదా బ్యాండు ఒకటి, సైకిలు రోజుకు ఛాతీ పట్టీ ఒకటి. బడ్జెట్ తక్కువైతే పట్టీ తర్వాత కొనుక్కోవచ్చు. రెండు మూడు కిలోలు తగ్గిన ప్రతిసారీ యాప్‌లో బరువు మార్చండి, అది తనంతట తాను తెలుసుకోదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచి మీరు ఏమీ మార్చకపోయినా అంకెలు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, కంపెనీ లోపల సూత్రం మార్చి ఉండవచ్చు. అప్పుడు పాత 0.87 చెల్లదు, మళ్లీ నాలుగు వారాల లెక్క మొదలుపెట్టాలి.